అలెప్పీలో హౌస్‌బోటు ఒక్కటే కాదు

విశాఖ, రాజమండ్రి, విజయవాడ వాళ్లకు కేరళలోని అలెప్పీ ప్రయాణం తేలికే. బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చుంటే ఆఖరి స్టేషన్ అదే. బోర్డు మీద అలప్పుళ అని ఉంటుంది. దిగగానే బ్రోకర్లు ‘హౌస్‌బోట్, హౌస్‌బోట్’ అంటూ వెంటపడతారు. వాళ్లను దాటుకుని హౌస్‌బోట్లు ఎక్కే చోటు, పున్నమడ ఫినిషింగ్ పాయింట్‌కు వెళ్లండి. పడవ ఎక్కి గది, బాత్రూమ్ కళ్లారా చూశాకే బేరం మొదలుపెట్టండి.

ఒకప్పుడు అలెప్పీ చుట్టుపక్కల వరి పండే కుట్టనాడు ప్రాంతపు ధాన్యం మోసిన కెట్టువళ్లం అనే పడవలే ఈనాటి హౌస్‌బోట్లు. మేకు అన్నది లేకుండా చెక్కలను కొబ్బరి తాళ్లతో కుట్టి కట్టేవారు. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కితే మర్నాడు తొమ్మిదికి దించేస్తారు. అందులో పడవ కదిలేది కొన్ని గంటలే. రాత్రి చేపలవాళ్లు వలలు వేసుకోవాలి కాబట్టి ఐదున్నరకల్లా ఒడ్డుకు కట్టెయ్యాలి. న్యాయమే, కానీ డబ్బు తీసుకునేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ‘ఫుల్ ఏసీ’ అన్నది కూడా రాత్రి తొమ్మిది దాటాకే వేశారు. పక్కనే వరసగా కట్టిన పడవల జనరేటర్ల మోతలో ప్రశాంతత మాట అటుంచి, నిద్రే కరువైంది. వంటకు మాత్రం వంక పెట్టలేం. మసాలా పట్టించి అరటాకులో చుట్టి కాల్చిన కరిమీన్ చేప కోసం లావుపాటి ఎర్ర మట్ట బియ్యం అన్నాన్ని కూడా సర్దుకుని తినేశాం.

అసలు అలెప్పీ కనిపించింది సర్కారు పడవలో. బస్టాండు పక్కనే జెట్టీ, సిటీ బస్సు స్థాయి టికెట్. ముందు కూర్చున్న సరంగు చుక్కాని తిప్పుతాడు, ఇంజన్ దగ్గర డ్రైవర్ వేరే. సరంగు తాడు లాగితే గంట మోగుతుంది, ఆ గంటల లెక్కను బట్టి డ్రైవర్ వేగం తగ్గిస్తాడు, వెనక్కి తిప్పుతాడు. రేవు రాగానే ఒకతను తాడుతో దూకి గుంజకు చుట్టేస్తాడు, స్కూలు పిల్లలు, కూరగాయల సంచులు ఎక్కుతాయి, మళ్లీ గంట. పొలాలు సముద్రమట్టానికి కిందే ఉంటాయి కాబట్టి గట్టుకు ఇవతల నీళ్లు పైన, అవతల వరి కింద కనిపిస్తుంది. కోనసీమ చూసినవాళ్లకు కొబ్బరిచెట్లు కొత్త కాదు గానీ ఇది మాత్రం కొత్తే.

వేంబనాడ్ సరస్సులో గుర్రపుడెక్క చూసి కొందరు మొహం చిట్లిస్తారు. ఉప్పునీరు వరి చేలల్లోకి రాకుండా తన్నీర్‌ముక్కం దగ్గర అడ్డుకట్ట కట్టారు. ఎండాకాలం ముందు షట్టర్లు మూస్తే ఉప్పు తగలక ఆ కలుపు అలాగే పెరుగుతుంది. వరికి మేలు, పడవలకు తిప్పలు. సన్న కాలువల్లోకి హౌస్‌బోట్లు ఎలాగూ దూరవు. అక్కడికి చేతితెడ్డు పడవే గతి, తెల్లవారుజామున అయితే మరీ బాగుంటుంది.

ఊరిని మాత్రం చాలామంది వదిలేస్తారు. 18వ శతాబ్దంలో తిరువితాంకూరు (ట్రావెన్‌కోర్) సంస్థానం దివాన్ రాజా కేశవదాస్ వేయించిన రేవు పట్నం ఇది. వాడై, కమర్షియల్ కాలువల్లో సరుకు సముద్రం దాకా వచ్చేది. 1859లో కొబ్బరి పీచు ఫ్యాక్టరీ, 1862లో లైట్‌హౌస్ వచ్చాయి. మెట్లెక్కగలిగితే లైట్‌హౌస్ వదలొద్దు. బీచ్‌లో కడల్‌పాలం అనే పాత సముద్రపు వంతెన స్తంభాలు మాత్రమే మిగిలాయి.

పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే హౌస్‌బోటే సుఖం. కానీ రాత్రి బస వద్దు, పగటి పడవ మాట్లాడుకోండి. రాత్రికి కాలువ గట్టున హోమ్‌స్టే తీసుకుంటే సగం ఖర్చు కూడా కాదు, దోమతెర ఉందో లేదో మాత్రం ముందే అడగండి. హైదరాబాద్ వాళ్లు తిరుగు ప్రయాణం కొట్టయం నుంచి పెట్టుకోవచ్చు. అలెప్పీ నుంచి అక్కడికి సర్కారు పడవలో రెండున్నర గంటలు, అక్కడ శబరి ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. ఆ పడవ రోజుకు కొన్నిసార్లే కాబట్టి టైము ముందురోజే జెట్టీలో కనుక్కుని పెట్టుకోండి.