కెనన్ ఆర్6 మార్క్ 2: తలంబ్రాల మధ్య నుంచి కళ్లను పట్టుకునేదాకా

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు కొత్త కెమెరా కొనడానికి ఆషాఢాన్ని మించిన నెల లేదు. ముహూర్తాలు ఉండవు కనుక తీరిగ్గా తప్పులు చేసుకోవచ్చు. నిరుడు ఆషాఢంలోనే నేను కెనన్ ఆర్6 మార్క్ 2 బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, తెచ్చుకున్నాను. అంతకుముందు పన్నెండేళ్లు నా చేతిలో ఉన్నది కెనన్‌దే పాత 5డి మార్క్ 3. తణుకు చుట్టుపక్కల ఊళ్లలో దానితో నేను పెళ్లి ఫొటోలు తీసిన జంటల పిల్లలు ఇప్పుడు నా దగ్గరికే పాస్‌పోర్టు సైజు ఫొటోలకు వస్తున్నారు. కొత్తది కొన్న నాలుగు నెలలకే, నవంబరులో, ఆర్6 మార్క్ 3 ప్రకటించారు. ఒక పూట బాధపడ్డాను. తర్వాత ఆల్బమ్ పేజీ కొలతలు చూసుకుంటే నాకు మార్క్ 2లోని 24 మెగాపిక్సెళ్లే ఎక్కువ అనిపించి ఊరుకున్నాను.

ఈ కెమెరా ఫొటోలు ఎంత బాగా తీస్తుందో చాలామంది చెప్పారు. నేను చెప్పదలచుకున్నది వేరు. పెట్టెలోంచి తీసిన రోజున ఇది మన పెళ్లికి పనికిరాదు. దీనికి కన్ను కనిపెట్టడం తెలుసు, మనిషి తల తిప్పినా వెంటాడటం తెలుసు. మూడు ముళ్లు వేస్తున్నప్పుడు చూడాల్సింది పెళ్లికొడుకు కళ్లను కాదని మాత్రం తెలియదు. ఆ సంగతి మనమే చెప్పాలి. చెప్పే దారి మెనూల్లో ఉంది. ఆ మెనూల్లో తెలుగు లేదు కాబట్టి మా అసిస్టెంట్ కుర్రవాడికి ఒక నోటు పుస్తకంలో రాసి ఇచ్చాను. ఇప్పుడు రాస్తున్నదీ చాలావరకు అదే.

ముందు ఎడమచేతి వైపు ఉన్న చిన్న మీట సంగతి. 5డి మార్క్ 3లో ఎడమవైపు మోడ్ డయల్ కిందే ఆన్, ఆఫ్ ఉండేది. ఇందులో అది కుడివైపుకు వెళ్లింది. ఎడమవైపున్న మీట ఫొటో నుంచి వీడియోకు మార్చేది. పన్నెండేళ్ల అలవాటు ఒక్క నెలలో పోతుందా? శ్రావణంలో మొదటి పెళ్లికి, గౌరీపూజ అయ్యాక ఆఫ్ చేశాననుకుని ఆ మీట తిప్పాను. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు తెస్తుంటే, షట్టర్ నొక్కుతున్నాను, చప్పుడు లేదు. “అక్కా, వీడియోలో ఉంది” అని కుర్రవాడు చెవిలో చెప్పేసరికి బుట్ట మండపం ఎక్కేసింది. తప్పు నా వేళ్లదే. అప్పటినుంచి ఆ మీట మీద ఒక ముక్క టేపు ఉంది.

ఇక అసలు పని, వెనకవైపు బటన్లు. కుడిచేతి బొటనవేలు ఆనే చోట ఏఎఫ్-ఆన్ (ఏఎఫ్ అంటే ఆటో ఫోకస్), దాని పక్కనే నక్షత్రం గుర్తు ఉన్న బటన్ ఉంటాయి. బటన్లను మార్చుకునే పేజీలోకి వెళ్లి షట్టర్ బటన్‌కు ఫోకస్ పని తీసేశాను. సగం నొక్కితే అది వెలుతురు మాత్రమే కొలుస్తుంది. ఏఎఫ్-ఆన్‌కు మామూలు ఫోకస్, నక్షత్రం బటన్‌కు కంటిని వెతికే ఫోకస్ ఇచ్చాను. ఫోకస్ ఏరియాను అన్నిటికన్నా చిన్న పాయింటుకు, అంటే స్పాట్‌కు మార్చి, ఫ్రేము మొత్తం తిరిగి వెంటాడే ట్రాకింగ్‌ను ఆపేశాను. ఇప్పుడు నా బొటనవేలి కింద రెండు కెమెరాలు ఉన్నట్టు లెక్క. ఒకటి నేను చూపించిన చోటే చూస్తుంది. రెండోది ముఖం ఫ్రేములో ఎక్కడున్నా వెళ్లి కన్ను పట్టుకుంటుంది.

ఎందుకింత అంటే, సుముహూర్తం వేళ చూడండి. అడ్డుతెర ఇంకా ఉంది. తెరకు ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి, రెండింటిలోనూ తమలపాకులో జీలకర్ర బెల్లం. మంగళవాద్యం హోరెత్తగానే రెండు చేతులూ రెండు తలల మీదికి వెళతాయి. అప్పుడు కావలసింది ఆ వేళ్లు, ఆ తమలపాకు. ఏఎఫ్-ఆన్ నొక్కి చేతిమీద పాయింటు పెడతాను. రెండు క్షణాల్లో తెర దిగుతుంది. ఒకరినొకరు చూసుకునే ఆ చూపు కోసం బొటనవేలు అర అంగుళం పక్కకు జరిగి నక్షత్రం మీద పడాలి. బాసికం నుదుటికి అడ్డంగా ఉన్నా, పెళ్లికూతురు కళ్లు దించుకున్నా ఆమె కన్ను దొరికింది. పాత కెమెరాలో 61 ఫోకస్ పాయింట్లూ ఫ్రేము మధ్యలోనే గుంపుగా ఉండేవి. ముఖం ఒక మూలన ఉంటే ఫోకస్ చేసి కెమెరా పక్కకు తిప్పేదాన్ని. ఆ లోపల చూపు అయిపోయేది. ఇందులో ఫ్రేము అంచుదాకా పాయింటు వెళుతుంది.

మాంగల్యధారణలో దీనికి తిరగేసిన లెక్క. మెడ వెనక ముడి పడుతోంది, పక్కన ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంది, పైనుంచి అక్షింతలు. ఇక్కడ నక్షత్రం బటన్ నొక్కితే కెమెరా ఎవరో ఒకరి కన్నే వెతుక్కుంటుంది, దాని పని అదే. పసుపుతాడు మీద ఫోకస్ కావాలంటే ఏఎఫ్-ఆన్, పాయింటును జరిపే జాయ్‌స్టిక్, చిన్న పాయింటు. “అమ్మా, కొంచెం పక్కకు జరగండి” అని పంతులుగారు అనేలోపే మూడు ముళ్లూ తీయగలిగాను.

తలంబ్రాలకు మాత్రం బటన్లు చాలలేదు. దానికోసం పెరట్లో ఒక పూటంతా సాధన చేశాం. మా అక్క కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, అసిస్టెంట్ కుర్రవాడి చేత పసుపు కలిపిన బియ్యం పోయించాను. మొదటి ఇరవై ఫొటోల్లో సగానికి ఫోకస్ ముఖానికి ముందు గాలిలో ఉన్న గింజలమీద పడింది. పిల్ల ముఖం పొగమంచులో ఉన్నట్టుంది. కదిలేదాన్ని వెంటాడే సర్వో ఫోకస్‌కు ‘కేస్’ అని నాలుగు రకాల నడవడికలు, అవి కాక కెమెరాయే తేల్చుకునేది ఒకటి ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండోది, కేస్ 2, అడ్డం ఏది వచ్చినా ముందు పట్టుకున్నదాన్ని వదలకుండా ఉండేది. దాన్ని ఎంచుకుని, ట్రాకింగ్ సెన్సిటివిటీని, అంటే ఫోకస్ కొత్తదానిమీదికి మారే తొందరను, చివరి మెట్టు, మైనస్ 2, దాకా తగ్గించాను. మళ్లీ పోయించాను. దోసెడు బియ్యం ఆమె ముక్కుమీదుగా జారిపోతున్నా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేలా వచ్చాయి. “బియ్యం అలా నేలపాలు చేస్తున్నావేమిటే” అని అమ్మ గొణిగింది. ఆ బియ్యం సాయంత్రానికి పక్కింటి కోళ్లు శుభ్రం చేశాయి.

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఇలాంటి కేసులు 5డి మార్క్ 3లో ఆరు ఉండేవి. పన్నెండేళ్లలో ఒక్కసారీ ముట్టుకోలేదు. తలంబ్రాల ఫొటోలు పదిలో నాలుగు పోతాయని, అది వృత్తి ధర్మమని అనుకునేదాన్ని.

మైనస్ 2కు చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. పట్టుకున్నదాన్ని అంత తేలిగ్గా వదలదు కాబట్టి, పెళ్లికూతురి మీదనుంచి పెళ్లికొడుకు మీదికి వెళ్లాలంటే బొటనవేలు ఎత్తి మళ్లీ నొక్కాలి. ఫోను పట్టుకుని మధ్యలో లేచి నిలబడే బాబాయిగారి వీపును అది పట్టించుకోకపోవడంతో పోలిస్తే అదేమంత పెద్ద శ్రమ కాదు.

ఏ రకం వస్తువును గుర్తించాలో చెప్పే చోట మనుషులు, జంతువులు, వాహనాలు, ఆటో అని ఉంటాయి. మనుషులు అని పెట్టుకోండి. నేను మొదట్లో ఆటోలో ఉంచి భోజనాల బంతి తీస్తుంటే, విస్తళ్ల వెనక కాచుకు కూర్చున్న కుక్క కన్ను అద్భుతంగా వచ్చింది. జంతువులను కూడా చూడమని చెప్పింది నేనే కదా. కుక్కలూ పిల్లులే కాదు, పక్షులనూ గుర్రాలనూ కూడా గుర్తిస్తుంది, ఊరేగింపు గుర్రం ఫొటోకు పనికివస్తుంది.

షట్టర్ నుంచి ఫోకస్ తీసేస్తే ఒక చిక్కుంది. మా ఇంటి పేరంటంలో నేనూ ఫొటోలో ఉండాలని కెమెరా మా బావగారికి ఇచ్చాను, బొటనవేలి సంగతి చెప్పడం మరిచిపోయాను. అందరం మసకగా, వెనక స్తంభం మాత్రం దివ్యంగా ఉన్నాం.

డయల్ మీద సీ1, సీ2, సీ3 అని మూడు ఖాళీలున్నాయి. మనం కూర్చుకున్న అమరికలను వాటిలో దాచుకోవచ్చు. సీ1 మండపానికి: లెన్సు ద్వారం ఎఫ్ 2.8, షట్టర్ వేగం 1/250 సెకను, సర్వో. సీ2 తలంబ్రాలకు: 1/1000, పైన చెప్పిన కేస్ 2, మెకానికల్ షట్టర్‌తో సెకనుకు 12 ఫొటోలు. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 40 దాకా వెళుతుంది, కానీ ఆ ఫొటోలన్నీ రాత్రి కూర్చుని ఏరేది నేనే. సీ3 బంధువుల గుంపులకు: వన్ షాట్ (ఒకసారి కుదిరాక కదలని ఫోకస్), ఎఫ్ 8. వీటిలో ఒక మెలిక గమనించండి. సీ1లో ఉండి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) మార్చారనుకోండి, కెమెరా కాసేపు నిద్రపోయి లేస్తే మళ్లీ దాచుకున్న పాత అంకెకే వస్తుంది. మార్పులను దానంతటదే దాచుకునే సదుపాయం మెనూలో ఉంది. నేను ఆపే ఉంచాను. ఏ పెళ్లికైనా తెలిసిన చోటునుంచే మొదలవడం నాకిష్టం. కొందరికి అది నచ్చదు.

రిసెప్షన్‌లో జంట వెనక ఎల్ఈడీ తెరలు ఇప్పుడు పల్లెల్లోకీ వచ్చేశాయి. ఫొటోలో వాటిమీద నల్లని చారలు పడతాయి. హై ఫ్రీక్వెన్సీ యాంటీ ఫ్లికర్ అనే అమరికతో షట్టర్ వేగాన్ని దశాంశాల్లో జరుపుతూ, వ్యూఫైండర్‌లో చారలు సన్నబడే చోట ఆపుకోవాలి. రేడియోలో స్టేషన్ పట్టినట్టు ఉంటుంది. అక్కడ ఎలక్ట్రానిక్ షట్టర్ జోలికి వెళ్లకండి.

మిగతావి క్లుప్తంగా: నా పాత 24-70, 70-200 లెన్సులు ఈ బాడీకి తగిలించే అడాప్టర్‌తో పనిచేస్తున్నాయి, ఈ ఫోకస్ కథంతా వాటితో జరిగిందే. రెండు కార్డులకు చోటుంది, రెండింటిలోనూ ఒకేసారి రాయిస్తాను. బ్యాటరీ విషయంలో పాత కెమెరా ధీమా వదులుకోవాలి. నేను బటన్ నొక్కకపోయినా ఫోకస్ వెతుకుతూ ఉండే ప్రివ్యూ ఏఎఫ్‌ను ఆపేశాను, అయినా పెళ్లికి నాలుగు బ్యాటరీలు పట్టుకెళతాను.

మాఘమాసానికి రెండో బాడీ తీసుకున్నాను, అదే మోడల్. మొదటిదాని అమరికలన్నీ కార్డులోకి రాసి, ఆ కార్డు దీనిలో పెట్టి ఎక్కించాను. ఆషాఢంలో నెల పట్టిన పని టీ చల్లారేలోపు అయిపోయింది. కుర్రవాడు దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రెండు బటన్లూ తడిమి చూసుకుని, జేబులోంచి టేపు తీశాడు.