రెడీమిక్స్ కాంక్రీట్ సమీక్ష: ఖర్చయినా నాణ్యతయినా చెడేది నీళ్ల దగ్గరే

ప్లాంట్‌లో కలిపి లారీలో సైట్‌కు పంపే రెడీమిక్స్ కాంక్రీట్ మంచి సరుకు. బలాన్ని చెప్పే గ్రేడ్‌లలో ఎం25, ఆపైవాటి పోతలకు సైట్‌లో మిల్లర్ (కలిపే యంత్రం) పెట్టి కలిపేదానికంటే నమ్మదగినది. అయితే ప్లాంట్ గేటు దాటేసరికి దీని తయారీ సగమే పూర్తవుతుంది. దింపుడు, పోత, క్యూరింగ్ (తడిగా ఉంచడం) అనే మిగతా సగం కొన్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఖర్చుకు ఒక ఫైలు, నాణ్యతకు ఒకటి, పర్యావరణానికి ఇంకొకటి పెట్టుకున్న ప్రాజెక్టుల్లో కూడా ఈ మూడూ ఒక్కసారే పాడయ్యే చోటు ఒకటుంది. స్లాబ్ మీద నుంచి "గట్టిగా వస్తోంది, కొంచెం లూజు చెయ్యండి" అని కేక వినపడగానే డ్రమ్ములోకి నీళ్ల పైపు పెట్టే చోటు అది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం నీళ్ల గురించే.

ముందు ప్లాంట్ బలం ఏమిటో చూద్దాం. దాని బలం తూకం. మిల్లర్ దగ్గర ఇసుకను పెట్టెతో కొలుస్తారు. ఇసుకలో నాలుగయిదు శాతం తేమ ఉంటే అది ఉబ్బి, పరిమాణం పాతిక శాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది. పెట్టె నిండుతుంది కానీ లోపల ఇసుక తక్కువ. ప్లాంట్‌లో అన్నీ బరువు చొప్పున పడతాయి కాబట్టి ఆ బాధ లేదు. రెడీమిక్స్‌కు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం సిమెంట్ తూకంలో తేడా 2 శాతం, కంకర, ఇసుక, నీళ్లలో 3 శాతం దాటకూడదు.

ప్లాంట్‌లో కూడా ఒక బలహీనత ఉంది. తూచిన ఇసుకలో నీళ్లెన్నో కంప్యూటర్‌కు ఎవరో చెప్పాలి. క్యూబిక్ మీటరుకు 700 కిలోల ఇసుక పడుతుందనుకోండి. రాత్రి వాన పడి అసలు తేమ 5 శాతం ఉంటే, స్క్రీన్ మీద నిన్నటి 2 శాతమే నడుస్తుంటే, ఎవరూ పోయని 21 లీటర్ల నీళ్లు ప్రతి క్యూబిక్ మీటరులో చేరిపోతాయి. పైగా ఇసుక కూడా అంతమేర తగ్గుతుంది. కాబట్టి పోత రోజు పొద్దున ప్లాంట్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఇవాళ ఇసుక తేమ ఎన్నింటికి చూశారు, ఎంత వచ్చింది?" సూటిగా జవాబు చెప్పే ప్లాంట్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

రెండోది కాగితం. లారీతో వచ్చే చలాన్‌లో సాధారణంగా డిజైన్ అంకెలే ఉంటాయి. ఏ ప్లాంట్ అయినా అవే అచ్చు వేసి పంపగలదు. అడగాల్సింది బ్యాచ్ రిపోర్టు. ప్రతి బ్యాచ్‌కూ పడాల్సిన బరువు, నిజంగా పడిన బరువు పక్కపక్కనే అందులో ఉంటాయి. సిమెంట్, ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిద) వేర్వేరు గడుల్లో ఉన్నాయా, నీళ్ల గడిలో తేమ సవరణ కనిపిస్తోందా, లోడ్ అయిన సమయం ఎంత అన్నవి చూడటానికి రెండు నిమిషాలు చాలు. రిపోర్టు ఇవ్వనన్న సరఫరాదారుతో ఒప్పందం చేసుకోకపోవడమే మేలు.

ఇక నీళ్ల సంగతి. కాంక్రీట్ బలం నీళ్లకూ సిమెంట్‌కూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుందని డఫ్ అబ్రామ్స్ 1918లోనే చెప్పాడు. సైట్‌లో అందరికీ తెలిసిన విషయమే ఇది. అయినా లూజు చేస్తారు, ఎందుకంటే నష్టం ఎంతో ఎవరూ లెక్క కట్టరు. కట్టి చూద్దాం.

ఒక ఎం30 మిశ్రమంలో సిమెంట్, ఫ్లైయాష్ కలిపి 380 కిలోలు, నీళ్లు 165 లీటర్లు. నిష్పత్తి 0.434. ఆరు క్యూబిక్ మీటర్ల లారీలో 20 లీటర్ల బకెట్లు ఆరు పోశారు, అంటే 120 లీటర్లు. చూడటానికి ఏమంత ఎక్కువ కాదు. కానీ క్యూబిక్ మీటరుకు 20 లీటర్లు పెరిగి నిష్పత్తి 0.487 అయింది. భారత ప్రమాణం ఐఎస్ 456 తీవ్ర వాతావరణంలో ఉండే ఆర్‌సీసీకి పెట్టిన హద్దు 0.45. అది దాటిపోయింది. పాత నిష్పత్తి నిలబడాలంటే 185 లీటర్లకు 426 కిలోల సిమెంట్ మిశ్రమం కావాలి. అంటే క్యూబిక్ మీటరుకు 46 కిలోలు, లారీకి 276 కిలోలు, దాదాపు అయిదున్నర బస్తాలు. డబ్బు కట్టి కొన్న అయిదున్నర బస్తాల పనితనాన్ని ఆరు బకెట్లు మింగేశాయి. ఆ సిమెంట్ కాల్చినప్పుడు గాలిలో కలిసిన కార్బన్ కూడా దండగే అయింది. ఎంత మంచి గ్రీన్ సర్టిఫికెట్ ఉన్న మిశ్రమమైనా ఈ లెక్క మారదు.

మోటుగా గుర్తు పెట్టుకోవాలంటే, క్యూబిక్ మీటరుకు 5 లీటర్ల నీళ్లు స్లంప్‌ను (కోన్ ఎత్తాక ముద్ద ఎంత కుంగిందో చెప్పే కొలత) 25 మిల్లీమీటర్ల దాకా పెంచుతాయి, బలాన్ని ఒకటి ఒకటిన్నర మెగాపాస్కల్ తగ్గిస్తాయి.

ఇంతకంటే ప్రమాదకరమైనది క్యూబుల (బలం పరీక్షకు పోసే కాంక్రీట్ ఘనాల) వ్యవహారం. లారీ రాగానే చూట్ (కాంక్రీట్ జారి దిగే తొట్టి) నుంచి నమూనా తీసి క్యూబులు నింపుతారు, తర్వాత నీళ్లు పోస్తారు. 28 రోజులకు క్యూబులు దర్జాగా పాసవుతాయి. స్లాబ్‌లో ఉన్నది మాత్రం వేరే కాంక్రీట్. నమూనా ఎప్పుడూ చివరి సవరణ అయ్యాకే తీయాలి, అదీ లోడు మధ్యలోంచి. మొదట జారే కాస్త, చివర మిగిలే కాస్త లోడుకు ప్రతినిధులు కావు.

మరి గట్టిపడిన కాంక్రీట్‌ను ఏం చేయాలి? ఆ పరిస్థితి రాకుండా ఆర్డర్ ఇచ్చేటప్పుడే చూసుకోవాలి. "స్లంప్ 120" అంటే చాలదు, "సైట్‌లో దింపేటప్పుడు 120" అని రాయించాలి. ప్రయాణం ఎంతసేపు, ఎండ ఎంత, దింపడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి చెబితే ప్లాంట్ దానికి తగ్గట్టు సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా లూజు చేసే రసాయనం), రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసేది) సర్దుతుంది. అప్పటికీ గట్టిగా వస్తే, ప్లాంట్ కెమిస్ట్ చెప్పిన మోతాదులో అదే సూపర్‌ప్లాస్టిసైజర్‌ను సైట్‌లో కలిపి డ్రమ్ము కనీసం అయిదు నిమిషాలు పూర్తి వేగంతో తిప్పాలి. కళ్లతో అంచనా వేసి డబ్బా వంచితే కంకర ఒకవైపు, సిమెంట్ పాలు ఒకవైపు విడిపోతాయి. సెట్ కావడం కూడా గంటల తరబడి ఆలస్యమవుతుంది. నీళ్లు పోయడానికి న్యాయమైన సందర్భం ఒక్కటే: డిజైన్‌లో ఉన్న నీళ్లలో కొంత ప్లాంట్ కావాలనే ఆపి, ఆ సంగతి చలాన్ మీద రాసినప్పుడు. అప్పుడైనా దింపుడు మొదలుపెట్టక ముందే, కొలిచి, ఒక్కసారే పోయాలి. తర్వాత డ్రమ్ము మిక్సింగ్ వేగంతో 30 చుట్లు తిరగాలి. సగం దింపాక నీళ్లు పోయడం అసలే కుదరదు, లోపల ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు కనుక.

స్లంప్ కోన్ పెట్టినప్పుడు మిల్లీమీటర్లతో పాటు ఆకారం కూడా చూడండి. 300 మిల్లీమీటర్ల కోన్‌ను నింపి, పొడిచి, నిలువుగా ఎత్తగానే ముద్ద ఒద్దికగా కుంగితే సరే. కంకర నడిమధ్య కుప్పగా నిలబడి, చుట్టూ సిమెంట్ పాలు పల్చటి వలయంలా ప్లేటు మీద పాకుతుంటే స్లంప్ అంకె ఎంత సరిగ్గా వచ్చినా ఆ లారీ బాగాలేదు. ముద్ద ఒక పక్కకు తెగి జారితే పరీక్ష మళ్లీ చేయాలి. రెండోసారీ అలాగే జారితే మిశ్రమానికి అంటుకునే గుణం తక్కువ, ఇసుక గ్రేడింగ్ (ఏ సైజు రేణువులు ఎంతున్నాయో) అడగాలి. అంకె విషయంలో ఐఎస్ 4926 ఇచ్చే వెసులుబాటు 25 మిల్లీమీటర్లు లేదా అడిగిన స్లంప్‌లో మూడో వంతు, ఏది తక్కువైతే అది.

సమయం గురించి. ఐఎస్ 4926 లెక్కలో లోడ్ అయిన రెండు గంటల్లో దింపేయాలి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ 94 చాలాకాలం 90 నిమిషాల హద్దు పెట్టింది. లారీలు ఆలస్యం కావడం ఎంత నష్టమో, అన్నీ ఒక్కసారి రావడమూ అంతే నష్టం. పంపు గంటకు 30 క్యూబిక్ మీటర్లు లాగితే ఆరు క్యూబిక్ మీటర్ల లారీ 12 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. మీ సెంట్రింగ్ మీద వైబ్రేటర్ పట్టేవాళ్లు, లెవెల్ లాగేవాళ్లు గంటకు 18 మాత్రమే సర్దగలిగితే లారీకీ లారీకీ మధ్య 20 నిమిషాలు ఉండాలి. ఈ విరామం చెప్పకుండా "అన్నీ పంపేయండి" అంటే మూడు లారీలు గేటు దగ్గర నిలబడి గట్టిపడతాయి, మళ్లీ అదే నీళ్ల పైపు బయటికొస్తుంది.

పరిమాణం తగ్గిందన్న ఫిర్యాదు ఈ సరుకు మీద తరచూ వినిపిస్తుంది. నిజంగా తగ్గిందో లేదో తేల్చే పద్ధతి ఉంది. బ్యాచ్ రిపోర్టులో అన్ని బరువుల మొత్తాన్ని, సైట్‌లో కొలిచిన పచ్చి కాంక్రీట్ సాంద్రతతో భాగించాలి. మొత్తం 14,150 కిలోలు, సాంద్రత 2,420 అయితే వచ్చింది 5.85 క్యూబిక్ మీటర్లే. ఆరుకు బిల్లు వేస్తే 0.15 తక్కువ. ఇలా కాగితంతో అడిగితే జవాబు వస్తుంది, కళ్లతో చూసి పోట్లాడితే రాదు. అయితే నింద వేయకముందు మీ స్లాబ్ మందం కొలవండి. 200 చదరపు మీటర్ల స్లాబ్ 150 మిల్లీమీటర్ల మందంతో 30 క్యూబిక్ మీటర్లు. షట్టరింగ్ కుంగో, లెవెల్ గుర్తులు సరిగా పెట్టకో సగటున 10 మిల్లీమీటర్లు పెరిగితే అదనంగా 2 క్యూబిక్ మీటర్లు పోతాయి. చాలా చోట్ల "తగ్గిన" కాంక్రీట్ దొరికేది అక్కడే.

చివరి లారీని ముందే ఆర్డర్ ఇవ్వకూడదు. మిగిలిన భాగాన్ని టేపుతో కొలిచి, పైపులో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుని చెప్పాలి. 125 మిల్లీమీటర్ల పంపు పైపు వంద మీటర్లలో 1.2 క్యూబిక్ మీటర్లకు పైగా కాంక్రీట్ ఉంటుంది. దాన్ని మరిచిపోతే అంతా నేల పాలే. పంపు మొదలుపెట్టేటప్పుడు తోసే సిమెంట్ పాలు కూడా బీములోకి పోకుండా బయట పట్టాలి, అందులో కంకర ఉండదు.

ఫ్లైయాష్, స్లాగ్ (ఇనుము కొలిమి నుంచి వచ్చే మడ్డి పొడి) మిశ్రమాల మీద మా అభిప్రాయం: తీసుకోండి, కానీ షెడ్యూలుతో కలిపి తీసుకోండి. సిమెంట్‌కు మూలమైన క్లింకర్ తయారీలో సున్నపురాయి విడిపోవడం వల్లే కిలో క్లింకర్‌కు అర కిలో పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇంధనం లెక్క అదనం. కాబట్టి "గ్రీన్ కాంక్రీట్" అన్న పేరు పక్కన పెట్టి, క్యూబిక్ మీటరులో ఓపీసీ (బూడిద, స్లాగ్ కలపని మామూలు పోర్ట్‌లాండ్) సిమెంట్ ఎన్ని కిలోలు అని ఒక్క మాట అడగండి. రెండు కొటేషన్లను పోల్చడానికి అంతకంటే నిజాయితీగల అంకె లేదు. ఫ్లైయాష్ ఎక్కువున్న మిశ్రమం తొలి రోజుల్లో నెమ్మదిగా బలపడుతుంది. ర్యాఫ్ట్‌లకు (భవనం అడుగంతా పరిచే పునాదులకు), మందపాటి పునాదులకు ఇది వరం. లోపలి వేడి తగ్గుతుంది, అంగీకార పరీక్షను 28కి బదులు 56 రోజులకు పెట్టుకుంటే సిమెంట్ ఇంకా తగ్గించవచ్చు. అదే మిశ్రమాన్ని వారానికో ఫ్లోరు లేపే స్లాబ్‌లకు వాడి, మామూలు ఓపీసీ లెక్కన ప్రాప్‌లు (స్లాబ్ కింది ఆసరాలు) తీస్తే స్లాబ్ వంగుతుంది. ఐఎస్ 456 ఇచ్చిన 7, 14 రోజుల గడువులు ఓపీసీకే. వేరే సిమెంట్ అయితే సైట్ దగ్గరే, స్లాబ్ పక్కనే ఉంచిన క్యూబులను నలిపి చూశాకే ప్రాప్ తీయాలి. నీళ్లు కట్టడం కూడా ఓపీసీకి 7 రోజులైతే దీనికి 10 రోజులకు తగ్గకూడదు. ఫ్లైయాష్ మిశ్రమం పైకి నీళ్లు తక్కువ వదులుతుంది కాబట్టి ఎండలో, గాలిలో తొలి రెండు మూడు గంటల్లోనే సన్నని పగుళ్లు వస్తాయి. లెవెల్ లాగిన వెంట పాలిథీన్ షీటు కప్పాలి. రేపు పొద్దున నీళ్లు కడదాం అనుకుంటే అప్పటికే పగిలి ఉంటుంది.

రెడీమిక్స్ ఎవరికి వద్దు? రెండు మూడు క్యూబిక్ మీటర్ల పనికి వద్దు. నిండు లారీ బరువు పాతిక టన్నులు దాటుతుంది, దారిలో కల్వర్టు ఓర్చుకోదనుకుంటే వద్దు. రెండు వైబ్రేటర్లు, ఒక అదనపు వైబ్రేటర్ సూది సిద్ధంగా లేనిచోట అస్సలు వద్దు, ఎందుకంటే మిల్లర్‌ను ఆపినట్టు లారీని ఆపలేం.

క్యూబ్ ఫెయిలైతే వెంటనే ప్లాంట్‌ను తిట్టకండి. అచ్చుల్లో సరిగా కుదించకపోయినా, మొదటి రోజు ఎండలో వదిలేసినా బలం పడిపోతుంది. 150 మిల్లీమీటర్ల క్యూబు దాదాపు 8.1 కిలోలు తూగాలి. ఏడున్నరే తూగిందంటే లోపల గాలి గూళ్లున్నాయి. ఒక నమూనాకు చెందిన మూడు క్యూబుల్లో ఏదైనా సగటుకు 15 శాతం కంటే ఎక్కువ తేడాగా ఉంటే ఆ నమూనా ఫలితమే చెల్లదు.

ఒప్పందంలో కడుగుడు నీళ్ల సంగతి కూడా రాయించాలి. పోత అయ్యాక లారీ చూట్, పంపు కడిగిన నీళ్ల పీహెచ్ 12 దాకా, అంటే బాగా క్షారంగా, ఉంటుంది. చర్మాన్ని కాలుస్తుంది, కాలువలోకి వెళ్తే చేపలు బతకవు. గేటు పక్కన షీటు పరిచిన గుంట ఒకటి ముందే తవ్వించి, కడగడం అక్కడే అని డ్రైవర్లకు చూపించాలి. తేరిన నీళ్లను తర్వాతి కడుగుడుకే వాడుకోవచ్చు, అడుగున గట్టిపడిన మడ్డి నింపుడుకు పనికొస్తుంది. డ్రమ్ములో మిగిలిన అర క్యూబిక్ మీటరును నేల మీద ఒంపే బదులు, పక్కన నాలుగు అచ్చులు పెట్టి ఉంచితే కంచె దిమ్మలు తయారవుతాయి. ఆ అచ్చులు పోతకు ముందే నూనె రాసి సిద్ధంగా ఉండాలి. లారీ వచ్చాక వెతికితే దొరకవు.