బొటనవేలిని కూడా పట్టుకునే మణికట్టు బెల్టు: ఒక టైలరు మాట

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. పోయిన ఒకటిన్నరా కుట్టు, గుడ్డ దగ్గరే పోయింది. కంచరపాలెంలో 19 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, కుట్టు విషయంలో నాకు మొహమాటాల్లేవు.

జులైలో వాన పడిన పొద్దున మేడ మెట్ల మీద జారి, కుడి అరచెయ్యి ఆనించి పడ్డాను. దగ్గర్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి "ఏం విరగలేదమ్మా, బెణికింది" అని క్రేప్ బ్యాండేజీ చుట్టారు. నేను మెడికల్ షాపులో 180 రూపాయలు పెట్టి మామూలు రిస్ట్ బ్యాండ్ కొనుక్కుని పనిలో పడ్డాను. వాపు తీసింది గానీ కత్తెర పట్టుకుంటే బొటనవేలి మొదట్లో ప్రాణం పోయేది. 12వ రోజున ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్తే, బొటనవేలు పైకి లేపమని, దాని మొదట్లో పడే గుంటలో నొక్కారు. మా తాతయ్య ముక్కుపొడుం పోసుకునే గుంట అది. కెవ్వుమన్నాను. మళ్లీ ఎక్స్‌రే తీస్తే, మణికట్టులో బొటనవేలి వైపుండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకకి మధ్యలో సన్నటి గీత.

ఈ పగులు మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవడం మామూలేనట. అందుకే ఆ గుంటలో నొప్పి ఉంటే ముందు కట్టు కట్టేసి, 10–14 రోజులకి మళ్లీ తీస్తారు, లేదంటే ఎమ్మారై చేస్తారు. మొదటిచోట ఆ ఒక్క ముక్క చెప్పలేదనే నా కోపం.

ఈ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి ఎక్కి, వెనక్కి ముంజేతి వైపు వస్తుంది. శ్రీకాకుళంలో మా నాన్న పొలం కాలువ చివర ఉండేది, మధ్యలో గండి పడితే మాకు చుక్క వచ్చేది కాదు. ఇదీ అంతే. ముంజేతి వైపు ముక్కకి రక్తం అందక అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోతుంది కూడా. ముక్కలు పక్కకి జరిగితే స్క్రూ వేస్తారు. నాది జరగలేదు, 8 వారాల కట్టుతో బయటపడ్డాను. పిడికిలి బిగించమని ఇంకో ఎక్స్‌రే కూడా తీశారు. పక్కనున్న లూనేట్ ఎముకతో దీన్ని కట్టి ఉంచే లిగమెంట్ తెగితే ఆ రెంటి మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు దాటి కనిపిస్తుందట. అప్పుడు మణికట్టు నిలకడ తప్పుతుంది, దాన్ని ఏ బెల్టూ అతికించలేదు. నా ఎముకల మధ్య అంత ఖాళీ లేదు, టెన్షన్ తీరింది.

ఇక బెల్టు. కట్టు విప్పాక 4 వారాలు వేసుకోమన్నారు. కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర ఒక సర్జికల్ షాపులో 750కి కొన్నాను. బొటనవేలికి కూడా ఉండేది అడిగినా కుర్రాడు ముందు మామూలుదే చేతిలో పెట్టాడు. "అందరూ ఇదే తీసుకెళ్తారండీ" అన్నాడు. అందరి ఎముకా ఒకటేనా బాబూ? నాకు చెప్పింది బొటనవేలు కదలకుండా ఆపేదే. కుడిదా ఎడమదా చూసుకోండి, మణికట్టు చుట్టూ టేపు పెట్టి కొలుచుకోండి. నేను కొలవకుండా మీడియం తెచ్చి, మర్నాడు మళ్లీ బస్సెక్కి స్మాల్ మార్చుకున్నాను.

పట్టు మాత్రం బాగుంది. అరచేతి వైపు అల్యూమినియం పట్టీని మన చేతి వంపుకి వంచుకోవచ్చు, వేసుకుంటే చెయ్యి వెనక్కి వంగదు. కానీ అంచుకి వేసిన పైపింగ్ పదో రోజుకే ఊడింది. అంగుళానికి నాలుగు కుట్లు వేస్తే ఊడక ఏం చేస్తుంది? వెల్క్రోకి నా షాపులోని దారప్పోగులన్నీ అంటుకుని పట్టు సడలింది, పాత టూత్‌బ్రష్‌తో గీకాల్సి వచ్చింది. లోపలి స్పాంజి గుడ్డ వైజాగ్ ఉక్కపోతకి పనికిరాదు. సాయంత్రానికి తడిసి, బొటనవేలి సందులో చర్మం ఒరుసుకుపోయింది.

పట్టీ తీసేసి సబ్బునీళ్లలో ఉతికి నీడన ఆరేస్తే, వానాకాలంలో రెండ్రోజులు పట్టింది. అందుకని మెత్తటి మల్లు గుడ్డతో లోపల తీసి పెట్టుకునే అస్తరు రెండు కుట్టుకున్నాను, ఎడమ చేత్తో కత్తిరించి, మా అమ్మాయితో మిషను తొక్కించి. అప్పట్నుంచీ ఒరుపు లేదు.

కత్తెర ఇప్పుడు పట్టుకోగలుగుతున్నాను. కాజాలు మాత్రం ఇంకా మా అమ్మాయే కుడుతోంది, జాకెట్టుకి పది రూపాయలు నా దగ్గరే వసూలు చేస్తూ.