లింక్డ్‌ఇన్ ఎనిమిదేళ్లు వాడాక: నాకు పనికొచ్చింది ఆ ఒక్క జాబితానే

ఉద్యోగాలకీ, పని పరిచయాలకీ వాడే సైట్ లింక్డ్‌ఇన్. అందులో ప్రొఫైల్ ఎలా పెట్టాలో రాయను, అందరికీ తెలిసిందే. నేను చెప్పేది అందులో ‘పీపుల్ యు మే నో’ అని, మనకి తెలిసి ఉండొచ్చనుకునే మనుషుల్ని చూపించే జాబితా గురించి. 2017లో చేరినప్పటి నుంచి దాదాపు ఏడేళ్లు దాన్ని చూడకుండానే వేలితో పైకి తోసేసేదాన్ని. ఇవాళ ఇంట్లోకి నా జీతం వస్తోందంటే దానివల్లే.

నాది శ్రీకాకుళం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట, తొమ్మిదేళ్లు చేశాను. 2023 నవంబర్‌లో ఆర్డర్లు తగ్గాయని మా సెక్షన్‌లో 14 మందిని మానిపించారు. మా అందరికీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ఎవరికి ఏ ఖాళీ తెలిసినా వెంటనే పెట్టేవాళ్లు, ఒక్కరు కూడా దాచుకోలేదు. కానీ అందరం ఒకే ల్యాబ్ వాళ్లం, ఒకే బస్సు వాళ్లం. నాకు తెలిసిందే వాళ్లకీ తెలుసు. ఒక వాకిన్‌కి (నేరుగా వెళ్లి ఇచ్చే ఇంటర్వ్యూకి) వెళ్తే మాలో తొమ్మిది మందిమి ఒకే వరసలో నిలబడి ఉన్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

అప్పుడే లింక్డ్‌ఇన్‌లో నా ఫొటో చుట్టూ ‘ఓపెన్ టు వర్క్’ అని, పని వెతుకుతున్నానని చెప్పే పచ్చ రింగ్ పెట్టాను. వారంలోనే ఫోన్లు మొదలయ్యేసరికి గ్రూప్‌లో అందరినీ పెట్టుకోమన్నాను. ఆ మాట ఇప్పుడంత గట్టిగా చెప్పను. వచ్చిన ఆరు ఫోన్లలో నాలుగు ‘ముందు డిపాజిట్ కట్టండి’ అనేవే. నా మాట విని రింగ్ పెట్టిన ఒకమ్మాయి ఏదో ఏజెన్సీకి 4,500 రూపాయలు కట్టేసింది. మర్నాటి నుంచి ఆ నంబర్ పలకలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. పెట్టుకోవాలనుకుంటే రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా పెట్టుకోండి, అప్పుడు ఫొటో మీద రింగ్ రాదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎవరూ మన దగ్గర డబ్బు అడగరు.

ఇక జాబితా సంగతి. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి, పాప పడుకున్నాక, ప్రొఫైల్‌లో ఖాళీగా వదిలేసినవన్నీ నింపాను. ఏ ఏడు చేరాను, ఏ సెక్షన్, ఏ కాలేజీ, అన్నీ. రెండు రోజుల్లో జాబితాలో మొహాలు మారిపోయాయి. ఒక ఫొటో దగ్గర వేలు ఆగింది. పేరు తెలీదు, మనిషి తెలుసు. 2015లో మా జనరల్ షిఫ్ట్ బస్సు చిలకపాలెం జంక్షన్‌లో ఎక్కేవారు. క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చునేవారు. మరుసటి ఏడు మానేసి వెళ్లిపోయారు. అన్నాళ్లలో మేం మాట్లాడుకున్నది ‘కాస్త జరగండి’, ‘దిగుతున్నారా’, అంతే. ఇప్పుడు విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో టీమ్ లీడర్ అని ఉంది.

అడగడానికి మొహమాటం. అమ్మకి చెబితే, “ఆ పిల్ల మనకేటవుద్దని అడుగుతావే?” అంది. మన వైపు పని అడగాలంటే చుట్టరికమైనా ఉండాలి, ఊరైనా కలవాలి. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు రాశాను: “అక్కా, నమస్తే. 2015లో బస్సులో మీ వెనక సీటు నాది. ఇప్పుడు పని లేదు. మీ క్యూసీలో ఏమైనా ఉంటే చెబుతారా?”

సాయంత్రానికి ఆవిడే ఫోన్ చేశారు. మొదటి మాటే, “ఒకరోజు నీకోసం బస్సు అరగంట ఆగింది, గుర్తుందా?”

నాకు గుర్తు లేదు. ఆవిడే చెప్పారు. ఆ రోజు హెచ్‌పీఎల్‌సీలో, అంటే మందులో ఏది ఎంత ఉందో కొలిచే మెషిన్‌లో, గ్రాఫ్ మీద ఒక్కటిగా రావాల్సిన పీక్ రెండుగా చీలిందట. ఆ పరీక్ష పక్కన పడేసి శాంపిల్ మళ్లీ మెషిన్‌కి ఎక్కించేస్తే బస్సు టైముకి వచ్చేయొచ్చు. నేను జరిగింది జరిగినట్టు లాగ్‌బుక్‌లో రాసి, ఇన్‌ఛార్జి వచ్చి సంతకం పెట్టేదాకా కదల్లేదట. “బస్సులో అందరం తిట్టుకున్నాం, నేనూ తిట్టుకున్నాను. ఇప్పుడు ఆడిట్ వస్తోంది. నా బెంచీ మీద నాకు అలాంటి మనిషే కావాలమ్మా” అన్నారు. వాళ్ల దగ్గర రెండు ఖాళీలు, ఇంకా బయటికి ప్రకటన రాలేదు. ఉద్యోగులు చేసే సిఫారసులో (రిఫరల్) నా పేరు పెట్టారు. పన్నెండో రోజున ఇంటర్వ్యూ, మార్చిలో చేరిపోయాను. తొమ్మిదేళ్ల పనికి నా దగ్గర ఒక్క మెచ్చుకోలు కాగితం లేదు. ఒక్క సాయంత్రాన్ని ముందు సీట్లో మనిషి తొమ్మిదేళ్లు గుర్తుపెట్టుకుంది.

ఇది నా ఒక్కదాని అదృష్టమేనా అని తర్వాత వెతికాను. దూరపు పరిచయాలే ఉద్యోగం కబురు ఎక్కువ మోసుకొస్తాయని మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశారు. మన దగ్గరి వాళ్లు తిరిగేది మనం తిరిగే చోటే, దూరపు వాళ్లు వేరే చోట తిరుగుతారు కాబట్టి. లింక్డ్‌ఇన్ సరిగ్గా ఈ జాబితానే ఐదేళ్లపాటు 2 కోట్ల మందికి పైగా సభ్యులకి రకరకాలుగా మార్చి చూపించింది. ఆ ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివాళ్ల కంటే ఓ మోస్తరు దూరం పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడ్డాయట. అది చదువుతుంటే మా గ్రూపే కళ్లముందు కనిపించింది.

అందరికీ ఇలాగే అవుతుందని మాత్రం అనలేను. నేను మొత్తం 23 మందికి రాశాను. ఐదుగురు జవాబిచ్చారు, పని దొరికింది ఒక్కరి దగ్గర. పైగా మాది మందుల పని, పైడిభీమవరంలో చేసినవాళ్లు పరవాడలోనూ ఉంటారు. మా బావది ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్. ఆయన చేత కూడా ఖాతా తెరిపించి రెండు నెలలు చూశాను. చివరికి ఆయనకి పని దొరికింది రణస్థలం టీ కొట్టు దగ్గర కలిసిన కాంట్రాక్టర్ ద్వారా.

నాకొచ్చిన జీతం పాతదానికంటే 2,000 తక్కువ. గాజువాకలో గది తీసుకుని ఉంటున్నాను. పాప శ్రీకాకుళంలో వాళ్ల నాన్న దగ్గర, మా అమ్మ దగ్గర. శనివారం రాత్రి వెళ్లి సోమవారం తెల్లారకుండా బస్సెక్కుతాను. పైడిభీమవరం వైపు ఎవరైనా కొత్తగా మారారేమోనని ఆ జాబితా ఇప్పటికీ రోజూ చూస్తున్నాను.