బండీ, బెర్కోవిట్జ్: ఇద్దరినీ పట్టించింది కారే

1970ల్లో అమెరికాను వణికించిన ఈ ఇద్దరు వరుస హంతకులూ దొరికింది కార్ల వల్లే.

డేవిడ్ బెర్కోవిట్జ్ కథ చిన్నది. 1976-77లో న్యూయార్క్‌లో రివాల్వర్‌తో ఆరుగురిని చంపాడు. 1977 జూలై 31న బ్రూక్లిన్‌లో చివరిసారి కాల్పులు జరిపిన రాత్రి, కారును ఫైర్ ఇంజన్లు నీళ్లు పట్టుకునే కొళాయి పక్కన ఆపాడు. పోలీసులు చలానా రాశారు. ఆ కాగితం ముక్కే పది రోజుల్లో వాళ్లను అతని ఇంటిదాకా తీసుకెళ్లింది. పక్కింటి కుక్క చంపమందని మొదట చెప్పాడు. అదంతా కట్టుకథేనని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

టెడ్ బండీ అలా కాదు. 1975 ఆగస్టులో యూటాలో ఒక పోలీసు అతని ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను ఆపి చూస్తే బేడీలు, ముసుగు, గడ్డపార కనిపించాయి. దొరికాడు సరే, నిలిచాడా? లా చదివినవాడు కదా, తన కేసు తనే వాదించుకుంటానన్నాడు. 1977 జూన్‌లో కొలరాడో రాష్ట్రంలోని ఆస్పెన్ కోర్టు లైబ్రరీకి వెళ్లనిస్తే మేడ మీది కిటికీలోంచి దూకేశాడు. మళ్లీ పట్టుకున్నారు. డిసెంబరులో జైలు గది పైకప్పుకు కన్నం పెట్టి మరోసారి ఉడాయించాడు. కాపలావాళ్ల ఆ నిర్లక్ష్యానికి ఫ్లోరిడాలో మరో ముగ్గురు బలయ్యారు. నా లెక్కలో ఇద్దరిలో ఎక్కువ ప్రమాదకారి ఇతనే; మర్యాదస్తుడిలా కనిపించడమే అతని ఆయుధం.

బెర్కోవిట్జ్‌కు యావజ్జీవం పడింది. ముప్పై హత్యలు ఒప్పుకున్న బండీని 1989 జనవరి 24న ఎలక్ట్రిక్ చైర్‌లో కూర్చోబెట్టారు. అన్నట్టు, 1978లో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో చివరిసారి పట్టుబడినప్పుడూ అతను నడుపుతున్నది బీటిలే, కాకపోతే దొంగిలించింది.