మూడేళ్లుగా ఇంట్లోనే గోధుమ బ్రెడ్: నా అనుభవం

ఏళ్ల తరబడి బ్రౌన్ బ్రెడ్ అని కొంటున్న ప్యాకెట్‌ను ఒకరోజు వెనక్కి తిప్పి చదివాను. పదార్థాల వరుసలో మొదటి పేరు మైదా. బరువులో ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలన్నది లేబుల్ నియమం. ఆ గోధుమరంగు క్యారమెల్ కలపడం వల్ల వచ్చింది. షుగర్ ఉన్న నాన్నకు రోజూ పొద్దున నేను పెడుతున్నది అదే. మనసు కలుక్కుమంది. ఆ వారమే ఇంట్లో చేయడం మొదలుపెట్టాను. ఇప్పటికి మూడేళ్లు దాటింది. వారానికి ఒక బ్రెడ్, మైదా ఒక్క చెంచా కూడా కలపకుండా.

మొదటి నాలుగు నెలలూ ఏదీ సరిగ్గా రాలేదు. గట్టిగా, పైన పగిలి, మర్నాటికి పొడిపొడిగా రాలిపోయేవి. ఈస్ట్ మార్చాను, పిండి మార్చాను. లోపం నీళ్ల దగ్గర ఉందని తెలియడానికి అంతకాలం పట్టింది. మన గిర్నీలో రాళ్ల మధ్య నలిగిన పిండిలో ఆ ఒత్తిడికి, వేడికి పిండిపదార్థం కొంత దెబ్బతింటుంది. అది నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది. పైగా పొట్టు ఉంటుంది. అది నెమ్మదిగా నానుతుంది, నానకపోతే గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీన్) పోగుల్ని తెంపేస్తుంది. విదేశీ వంటకాల కొలతలు మన పిండికి చాలనిది ఇందుకే.

ఇప్పుడు నా కొలత: జల్లించని గోధుమపిండి 500 గ్రాములు, నీళ్లు 390 మిల్లీలీటర్లు, ఉప్పు 9 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, రెండు చెంచాల నూనె, ఒక చెంచా బెల్లం. ముందు పిండి, నీళ్లు మాత్రమే కలుపుతాను. చపాతీ పిండి అలవాటైన చేతికి ఆ ముద్దను చూస్తే కంగారు పుడుతుంది. గిన్నెకు అతుక్కుంటుంది, వేళ్లను వదలదు, ఇంకో గుప్పెడు పిండి చల్లేద్దామనిపిస్తుంది. చల్లకండి. తడిగుడ్డ కప్పి 40 నిమిషాలు వదిలేయండి. గుడ్డ తీసేసరికి అదే ముద్ద నున్నగా మారి, లాగితే తెగకుండా సాగుతుంది. మిగతావన్నీ వేసి పిసకడం అప్పుడే. ఇంకా మెత్తగా కావాలంటే ఆ కొలతలోంచే 30 గ్రాముల పిండి, 150 మిల్లీలీటర్ల నీళ్లు తీసి జావలా కాచి, చల్లార్చి కలపండి. మూడోరోజు కూడా ఎండిపోదు.

హైదరాబాద్ వాతావరణంతో కాస్త జాగ్రత్త. మే నెలలో ముద్ద ముప్పావుగంటలోనే రెట్టింపవుతుంది, డిసెంబర్‌లో రెండు గంటలు పడుతుంది. ఎండాకాలం చల్లటి నీళ్లు పోసి ఈస్ట్ సగానికి తగ్గిస్తాను. రెట్టింపైన ముద్దను టిన్నులో పెట్టాక, అది మళ్లీ పొంగేటప్పుడు గడియారం చూడను, వేలితో నొక్కి చూస్తాను. గుంట మెల్లగా పైకి వస్తే ఓవెన్‌లో పెట్టేయాలి. పైకి రాకుండా అలాగే ఉండిపోతే మరీ పొంగినట్టు, కాలేటప్పుడు నడిమధ్య కుంగిపోతుంది.

ఓటీజీతో (చిన్న కరెంటు ఓవెన్) మాత్రం చాలా ఇబ్బంది పడ్డాను. నేను కొన్నదానిలో 200 డిగ్రీలు పెడితే లోపల 170 దాటేది కాదు. సర్వీసువాళ్లు రెండుసార్లు వచ్చినా బాగుపడలేదు. చివరికి లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొన్నాను. అది చూపించే వేడిని బట్టి మీట పెంచుతాను, సమస్య తీరింది. ఓవెన్ కొంటే దాన్నీ తప్పకుండా కొనండి. నిజంగా 200 ఉంటే 40 నిమిషాల్లో కాలుతుంది. టిన్నులోంచి తీసి అడుగున తడితే డొల్లగా మోగాలి. రెండు గంటలు చల్లారేదాకా కోయకూడదు. వేడిమీద కోస్తే లోపల జిగురుజిగురుగా ఉంటుంది.

రాగి, జొన్న పిండిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి 500లో 100 గ్రాములకు మించి వేయను. రాగితో రుచి బాగుంది. జొన్నతో మర్నాటికే రాలిపోయింది, మానేశాను.

ప్రిజర్వేటివ్ లేదు కాబట్టి ఎండాకాలం మూడోరోజుకే బూజు పడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినవి తీసి పెనం మీద కాల్చుకుంటాం. కడుపు నిండుగా ఉంటుంది, గోధుమ కమ్మదనం తెలుస్తుంది. బేకరీ బ్రెడ్‌లా దూదిలా ఉండాలనుకుంటే ఇది మీకు నచ్చదు. మా అబ్బాయికి అలవాటవడానికి ఆరు నెలలు పట్టింది. షుగర్ ఉన్నవాళ్లు ఇదీ గోధుమేనని గుర్తుంచుకోవాలి. నాన్నకు రెండు ముక్కలే, పల్లీ చట్నీతో.

పిసకడానికి మిషన్ కొనాలా అని చాలామంది అడుగుతారు. నేను కొనలేదు. పిండి 40 నిమిషాలు నానాక చేత్తో ఏడెనిమిది నిమిషాలు పిసికితే సరిపోతోంది.