డిలీట్ బటన్ గురువుగారు: ఏడాది దాటిన పెయిడ్ గ్రూప్ మీద నా రివ్యూ

కాల్, అంటే ఫలానాది కొనమనే సలహా, తప్పడం గురించి నా గొడవ కాదు. మార్కెట్ అన్నాక ఎవరి కాల్ అయినా తప్పుతుంది. తప్పిన కాల్‌ని గ్రూపులోంచి మాయం చేయడమే నాకు మింగుడుపడలేదు. ఏడాదికి పైగా ఫీజు కట్టిన ఈ షేర్ మార్కెట్ సలహాల టెలిగ్రామ్ గ్రూప్ గురించి రాయాలంటే ముందు ఆ సంగతే రాయాలి.

2024 జూన్ 3, సోమవారం. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ ఊపులో షేర్ల సూచీ నిఫ్టీ 3 శాతం పైనే ఎగిరింది. ఒడిశాలోని బరంపురం బడా బజార్‌లో మా బట్టల కొట్టుకి మధ్యాహ్నం బేరాలు పలచగా ఉంటాయి. అప్పుడొచ్చింది గురువుగారి మెసేజ్: "23,500 కాల్ తీసుకోండి, రేపు గ్యాప్ అప్, హోల్డ్ చేయండి, టెన్షన్ వద్దు." ఈ 'కాల్' అంటే సలహా కాదు, నిఫ్టీ 23,500 దాటి పెరిగితే లాభమిచ్చే ఆప్షన్ కాంట్రాక్టు; గ్యాప్ అప్ అంటే మార్కెట్ తెరవడమే పైన తెరవడం. స్టాప్‌లాస్, అంటే ఇంత నష్టం దగ్గర బయటపడాలనే హద్దు, దాని ఊసే లేదు. నేనొక లాట్ (ఒకసారికి కనీసం కొనాల్సిన మోపు) కొన్నాను. పర్లాకిమిడిలో ఉండే మా బావ ఎప్పుడూ అడుగుతుంటాడని అదే మెసేజ్ తనకీ ఫార్వర్డ్ చేశాను.

మర్నాడు ఓట్ల లెక్కింపు. నిఫ్టీ దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ఆగింది. గురువారం ఎక్స్‌పైరీకి, అంటే గడువు తీరేసరికి, ఆ కాల్ విలువ సున్నా.

లెక్కింపు రోజు సాయంత్రమే గ్రూప్ తెరిస్తే ఆ మెసేజ్ లేదు. దాని బదులు పుట్‌లో (మార్కెట్ పడితే లాభమిచ్చే ఆప్షన్) లాభం వచ్చినట్టు ఒక స్క్రీన్‌షాట్, కింద "నిన్ననే జాగ్రత్త చెప్పాను" అని ఒక ముక్క! ఛానల్లో అడ్మిన్ డిలీట్ చేస్తే పోస్టు అందరి ఫోన్లలోంచీ పోతుంది, తీసేసిన గుర్తు కూడా మిగలదు. ఫార్వర్డ్ అయిన కాపీ మాత్రం పోదు. బావ ఫోన్లో అది ఛానల్ పేరుతో సహా భద్రంగా ఉంది. దాని ఫొటో తెప్పించుకుని అడ్మిన్‌కి పెట్టాను. "మార్కెట్ రిస్క్ మీకు తెలియనిదా సార్" అన్నారు. మళ్ళీ అడిగేసరికి బ్లాక్. కొద్ది రోజులకే ఆ ఛానల్లో ఫార్వర్డ్ చేయడం, స్క్రీన్‌షాట్ తీయడం కుదరకుండా సెట్టింగ్ మార్చేశారు. "కంటెంట్ దొంగతనం" ఆపడానికట.

మొదట్లో ఈయన పాఠాలు బాగుంటాయని బజారంతా చెప్పాను. ఇప్పటికీ బాగుంటాయనే అంటాను. ఓపెన్ ఇంటరెస్ట్ (ఇంకా తేలని కాంట్రాక్టుల లెక్క), రోజులు గడిచేకొద్దీ ప్రీమియం (ఆప్షన్ ధర) ఎలా కరుగుతుంది, అన్నీ తేట తెలుగులో చెప్తారు. ఒడియా బడిలో చదివి తెలుగు అక్షరాలు రాని మా అబ్బాయి కూడా నా పక్కన కూర్చుని వినేవాడు. ఇక్కడ మనలాంటి ఇళ్ళకి అది చిన్న విషయమేం కాదు. అయితే చెప్పడం వచ్చినవాళ్ళకి సంపాదించడమూ వచ్చని లెక్క లేదు. 'బాప్ ఆఫ్ చార్ట్' అనే మరో మార్కెట్ గురువు విషయంలో 2023 అక్టోబర్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఆర్డర్ చూడండి: వసూలైన ఫీజులు 17 కోట్ల పైమాట, ఆ గురువు సొంత ట్రేడింగ్‌లో మాత్రం రెండున్నర కోట్లకు పైగా నష్టం. 2024 మార్చితో ముగిసిన మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని కూడా సెబీయే లెక్క తేల్చింది. మా గ్రూపులో మాత్రం రోజూ లాభాల స్క్రీన్‌షాట్లే. రీసెర్చ్ అనలిస్టులకు సెబీ ఇచ్చే, ఐఎన్‌హెచ్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే, "ఇది విద్య కోసం మాత్రమే" అని జవాబు. స్ట్రైక్ (23,500 లాంటి అంకె), టార్గెట్, ఎప్పుడు కొనాలో కూడా చెప్పే విద్య మరి!

ఫీజు మళ్ళీ కట్టలేదు. అందరూ మానేయాలని అనను. పెళ్ళిళ్ళ సీజన్లో గల్లా వదిలి స్క్రీన్ చూడటం నాకు కుదరదు. పైగా 2024 నవంబర్‌లో నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయ్యాక నా బడ్జెట్‌కి అది అందనిదైపోయింది. పొద్దస్తమానం తెర ముందు కూర్చోగలిగేవాళ్ళ సంగతి వేరే కావచ్చు. ఉచిత వీడియోలైతే చీరలు మడతపెడుతూ నేనూ వింటున్నాను. డబ్బు కట్టే ముందు ఒక్కటి చూసుకోండి: ఛానల్లో ఫార్వర్డ్ పనిచేస్తోందా లేదా అని.

బావ ఇప్పుడు ఇంకెవరిదో గ్రూపులో చేరాడు. వచ్చిన ప్రతి కాల్ నాకు ఫార్వర్డ్ చేస్తున్నాడు, కొనమని కాదు, దాచమని.